లోపల మనిషున్నారు

షెడ్డు నుంచి,
తూకం బల్ల పక్కన

కోడలు పిల్లకి,

మీ మేనత్త దీవించి రాసేదేమంటే, నేను బాగానే ఉన్నాను, ముక్కే చచ్చిపోయింది.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోనులో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ వేరే పని చేసుకుంటావని నాకు తెలుసు. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి. పైగా ఇక్కడ గేటు దగ్గరే ఫోన్లు మేస్త్రి పెట్టెలో పడెయ్యాలి, ఇంటికి పోయాక మాట్లాడే ఓపిక ఉండదు. మేం మిషనులో వేసి తురిమిన ప్లాస్టిక్ బస్తాలు వారానికోసారి మీ కాలేజీకి తెచ్చే లారీ ఉంది కదా, ఆ డ్రైవరు, నాకు తమ్ముడి వరస, ఉత్తరాలు అందిస్తానన్నాడు. విప్పి చదవడులే, అతనికి అక్షరాలు చూస్తే నిద్రొస్తుంది.

మీ కాలేజీ వాళ్ళు వచ్చి వెళ్ళారు. కాళ్ళకి సంచులు, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డలు, ఎవరికో ఆపరేషను చెయ్యడానికి వచ్చినట్టు వచ్చారు. పిల్లలు ఫరవాలేదు. మీ సారున్నాడే, ఆయన జేబులోంచి సెంటు కొట్టిన రుమాలు తీసి ముక్కు మీద పెట్టుకున్నవాడు గేటు దాటేదాకా తియ్యలేదు. ఉపన్యాసం కూడా ఆ రుమాల్లోంచే. మేం ఆయనకి రుమాలు సారని పేరు పెట్టేశాం. "మీరంతా పర్యావరణ వీరవనితలు" అన్నాడు. అప్పుడు ఈ వీరవనిత చేతిలో ఎవరింటి పసిబిడ్డదో డైపరు ఉంది, నిండుగా. ఎక్కడ పెట్టాలో తెలీక దాన్ని పట్టుకునే దణ్ణం పెట్టాను. ఆయన తిరిగి దణ్ణం పెట్టలేదు.

మా బస్తాల్లో ఏమొస్తాయో నీకు తెలియాలి కదా, రేపు నువ్వు కరిగించేది వాటినే. పులిసిపోయిన పాల కవర్లు, పురుగులు లుకలుకలాడే మాంసం సంచులు, ఊడిన జుట్టు చుట్టుకున్న షాంపూ పొట్లాలు. మొన్న ఒక కవరు విప్పితే చచ్చిన ఎలుక. తోక కదులుతోందేమిటా అని చూస్తే, కదిలేది తోక కాదు. ఇవన్నీ తొట్టెలో కడిగి, ఆరబెట్టి, ఏ రకానికి ఆ కుప్ప పోస్తాం. మనుషులు ఎంత శుభ్రంగా కొనుక్కుంటారో అంత రోతగా పారేస్తారు.

ఇక అసలు సంగతి. మా తురుము కరిగించి మీరు పోసే ప్లాస్టిక్ దిమ్మలతో మాకేం కట్టిపెట్టమంటారని అడిగారు. రుమాలు సారు పార్కులో బెంచీ అన్నాడు. మేమంతా ఒక్క గొంతుతో మరుగుదొడ్డి అన్నాం. ఇన్నేళ్ళుగా షెడ్డు వెనక కూలిన గోడ చాటుకే పోతున్నాం. ఇద్దరు దుప్పటి అడ్డం పట్టుకుంటే ఒకరు కూర్చోవాలి. సరిగ్గా అప్పుడే అవతల టైర్ల కొట్టు మగాళ్ళకి బయట నిలబడి టీ తాగాలనిపిస్తుంది. అందుకని పొద్దున్నుంచీ ఎవరం గుక్కెడు నీళ్ళు తాగం. మా పొడుగక్కకి మూత్రంలో మంట, జ్వరం. డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. తాగి ఎక్కడికి పోవాలో మాత్రం రాసివ్వలేదు.

నువ్వు చూపించబట్టే వాళ్ళు మా షెడ్డుకొచ్చారు. కడతారా, కట్టరా? ఒక్క మాట రాయి. బొమ్మలు గీసి పంపకు.

మీ అత్త


ప్రెస్సు గది,
కాలేజీ వెనక వైపు

అత్తా,

కడతాం. ఒక్క మాట అడిగావు, రాసేశాను. మిగతాదంతా నా సోది, ఓపికుంటే చదువు.

మీ తురుముని వేడి పెట్టెలో కరిగించి, అచ్చులో పోసి, ప్రెస్సుతో అదమడం నా పని. పొగ లాగే ఫ్యాను ఉంది, మాస్కు ఉంది, అయినా ఆ కంపు ఒంటికి పట్టేసింది. తలంటుకున్నా పోవడం లేదు. హాస్టల్లో నా పక్క మంచం పిల్ల తన మంచాన్ని కిటికీ దగ్గరికి ఈడ్చుకుపోయింది. మొదటి వారం ఒక దిమ్మని అచ్చులోంచి తీస్తుంటే టప్పున పగిలింది. లోపలెక్కడో తడి మిగిలిపోయిందట. వేడివేడి కుళ్ళు వాసన మొహం మీద కొట్టింది. ఇద్దరు మగపిల్లలు బయటికి పరిగెత్తారు. నేను అక్కడే డోక్కుని, నేనే తుడుచుకున్నాను. మీరు రోజంతా ఈ కంపులోనే ఉంటారు కదా అనుకున్నాను.

ఇప్పుడు బాగా వస్తున్నాయి. ప్రతి దిమ్మకీ పైన బొడిపె, కింద గాడి. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే కరుచుకుంటాయి. సిమెంటు అక్కర్లేదు, తాపీవాళ్ళు అక్కర్లేదు, మీ గోడ మీరే కట్టేసుకోవచ్చు.

రుమాలు సారన్న పేరు ఇక్కడ కూడా అంటుకుంది. ఎప్పుడో ఆయన ఎదురుగానే నోరు జారతాను, అప్పుడు నా చదువు అటకెక్కుతుంది.

తలుపు నేనే గీశాను అత్తా. అన్నిటికంటే ముందు గీసింది లోపలి గడియ. టైర్ల కొట్టు వాళ్ళు ఇంక ఎంత టీ తాగుతారో తాగనీ.

పొడుగక్కకి ఎలా ఉంది?

నీ కోడలు


కట్టే చోటు నుంచి,
దిమ్మల కుప్ప మీద కూర్చుని

ఏమే పిల్లా,

నీ దిమ్మలు దిగాయి. ఆ రంగు చూడలేక చచ్చాం, అచ్చం విరోచనాల రంగు. మనకేం, వెళ్ళేది అందుకే కదా అని పొడుగక్క అంటే నవ్వలేక పొట్టలు పట్టుకున్నాం. కానీ టక్కున కరుచుకుని గోడ లేస్తుంటే మాత్రం భలే ముచ్చటేసింది. నా పెళ్ళిలో కూడా ఇంత ముచ్చట పడలేదు, మీ మామయ్యతో అనకు.

మీ పిల్లలు వారం వారం వస్తున్నారు. వచ్చి తలో దిమ్మ ఎత్తుతారు, ఫొటో దిగుతారు, దిమ్మ దించేస్తారు. మేం మోస్తుంటే "ఆంటీ, ఒక్కసారి ఆగి నవ్వండి" అంటారు. బరువు నెత్తిన పెట్టుకుని ఎవరన్నా నవ్వుతారా? పోనీలే చిన్నపిల్లాడని పొడుగక్క పళ్ళన్నీ బయటపెట్టి నవ్వితే, "అంత కాదు ఆంటీ, కొంచెం బాధగా నవ్వండి" అన్నాడు. బాధగా ఎలా నవ్వాలో మీ అమ్మ దగ్గర నేర్చుకొచ్చి చూపించు నాయనా అన్నాను.

గోడ నడుమెత్తు లేచాక, గొయ్యి ఎక్కడ తవ్వుతారని అడిగాను. ఆ ముందుండి నడిపే కళ్ళజోడు అబ్బాయి కాగితాలు తిరగేసి "గొయ్యి ఫేజ్ టూ ఆంటీ" అన్నాడు. "మరి ఫేజ్ వన్‌లో మేం వెళ్ళింది ఎక్కడికి వెళ్తుంది?" అన్నాను. వాడు ఎర్రబడిపోయి, రాసుకుంటానన్నాడు. వీళ్ళతో అయ్యే పని కాదని మేమే గునపాలు పట్టాం. పని దిగాక సాయంత్రాలు తవ్వాం. పొడుగక్క మొగుడు పైపుల పనివాడు, బేసిను కూర్చోబెట్టి గొట్టం బిగించాడు. చేతులు బొబ్బలెక్కిపోయాయి.

ఇప్పుడు చెప్పేది విని పిచ్చి నాకో వాళ్ళకో నువ్వే చెప్పు. నిన్న కొత్త నీలం బకెట్లు వచ్చాయి, బండి నిండా. మగ్గులు కూడా. ధర చీటీలు కూడా ఊడలేదు. మన దొడ్లోకి కాబోలు, ఎంత మంచివాళ్ళు అనుకున్నాం. మేస్త్రి వచ్చి అన్నిటినీ మిషనులో వేసి తురమమన్నాడు. కాలేజీ ఆర్డరట. నేను వెయ్యనన్నాను. మా ఇంట్లో బకెట్టుకి చిల్లు పడితే కాల్చిన చాకుతో అతికించుకుని వాడతాం. నిక్షేపంలా ఉన్న కొత్త బకెట్లని ముక్కలు చేసి, చెత్తలోంచి తీశామని చెప్పుకోవడమా? ఎలుక కవరు విప్పినప్పుడు కూడా నాకింత అసహ్యం వెయ్యలేదు. చివరికి మేస్త్రి అరుపులు పడలేక వేశాం. పొడుగక్క రెండు మగ్గులు దుప్పట్లో చుట్టి దాచేసింది, ఎవరికీ చెప్పకు.

ఎవరి బుర్రలో పుట్టింది ఇది?

మీ అత్త


హాస్టల్ నుంచి,
మెట్ల మీద

అత్తా,

ఆ బుర్ర రుమాలు సారుదే. ముందు గోడ ఫొటోల్లో బాగా రావడం లేదట. "ఈ రంగేంటి, మరుగుదొడ్డిలా ఉంది" అన్నారు. "మరుగుదొడ్డే కదా సార్" అన్నాను. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. మర్నాడే ఆ గోడకి నీలం దిమ్మలు కావాలని బకెట్లు కొన్నారు. బోర్డు మీద మాత్రం "నూరు శాతం వ్యర్థాల నుంచి" అని రాయించారు. ఆ నీలం దిమ్మలు తీస్తుంటే కంపే లేదు. నున్నగా, తళతళలాడుతూ ఉన్నాయి. మీ మురికి దిమ్మలు ముట్టుకున్నప్పుడు లేనిది, వీటిని ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలనిపించింది.

గొయ్యి మీరే తవ్వుకున్నారని కళ్ళజోడు అబ్బాయి చెబితే సారు మొహం అదోలా పెట్టారు.

ఒక చిన్న మాట. గోడ గట్టిగా ఉంటుందని మీరు దిమ్మల మధ్య సిమెంటు పూద్దామనుకుంటున్నారని డ్రైవరు బాబాయి చెప్పాడు. పూయకండి. పైన రేకుకి మేకులు కూడా కొట్టకండి, బోల్టులు చాలు. దానికో కారణం ఉంది, తీరిగ్గా చెబుతాను. పరీక్షలు దగ్గరపడ్డాయి, ఎక్కువ రాయలేకపోతున్నాను. మీరందరూ కులాసా అని తలుస్తాను.

నీ కోడలు


షెడ్డు వెనక నుంచి,
ఆ కూలిన గోడ దగ్గరే

పిల్లా,

"కులాసా అని తలుస్తాను" అని ఎప్పుడు నేర్చుకున్నావే? నువ్వలా రాశావంటే ఏదో మింగుతున్నావు. సరే, సిమెంటు వద్దన్నావు, పూయలేదు. తాపీ పట్టుకున్నవాళ్ళని కూడా నీ మాట మీద ఆపాను.

గది అయిపోయింది. ముందు గోడ నీలం, పక్కలూ వెనకా మా రంగు. మొన్న ప్రారంభం చేశారు. రిబ్బను, మైకు, కుర్చీలు. కుర్చీల్లో వాళ్ళు, ఎండలో మేము. రుమాలు సారు రిబ్బను కత్తిరించి, తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, మళ్ళీ మూసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మేం చప్పట్లు కొట్టేశాం. తాళం సంగతి చప్పట్లయ్యాక బుర్రకెక్కింది, అంత తెలివిగలవాళ్ళం.

అడిగితే, ఏదో పెద్ద ప్రదర్శన ఉందట, పోటీ అట, అప్పటిదాకా లోపల మరక పడకూడదట. "మరకలంటే మేమేనా సార్?" అన్నాను. "అలా కాదమ్మా, పరిశుభ్రత ముఖ్యం" అన్నాడు రుమాల్లోంచి. పరిశుభ్రత గురించి మాకు చెబుతున్నాడు! ఊళ్ళో వాళ్ళ ఎంగిలీ కుళ్ళూ రోజూ ఈ చేతులతో కడిగేవాళ్ళకి! ఒళ్ళు మండిపోయింది.

ఇప్పుడు మేం కొత్త మరుగుదొడ్డి పక్కనుంచి నడిచి, దాని నీలం గోడ చూసుకుంటూ, పాత చోటుకే పోతున్నాం. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. నిన్న ఒకావిడ తలుపు ముందు నిలబడి ఇంకొకావిడతో "ఎంత ముద్దుగా ఉందో" అంటోంది. ఆ పక్కనే పొడుగక్క కాళ్ళు బిగబట్టుకుని నిలబడి ఉంది. నాకు ఆ ముద్దు మాట వింటే డోకొచ్చింది.

నువ్వు మింగిన కారణం ఏంటో కక్కు.

మీ అత్త


ప్రెస్సు గది నుంచి,
మిషను ఆపేసి

అత్తా,

నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను.

ఆ గదిని విప్పేస్తారు. ప్రదర్శన వేరే ఊళ్ళో. దిమ్మలన్నీ ఊడదీసి, లారీకెక్కించి, అక్కడ మళ్ళీ నిలబెడతారు. తర్వాత మీకు తిరిగి రాదు. మా కాలేజీ ముందు పచ్చికలో పెడతారట, వచ్చే పోయేవాళ్ళు చూడ్డానికి. గొయ్యి ఎందుకు లేదో, సిమెంటు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. విప్పి మళ్ళీ కట్టుకోవచ్చన్నదే మా దిమ్మ గొప్పదనం. పోటీలో చూపించాల్సిందీ అదే.

నాకు బకెట్లప్పుడే తెలిసింది. "మా అత్తవాళ్ళకి చెప్పొద్దా సార్" అంటే "వాళ్ళకి ఇంకోటి కట్టిద్దాం, ఫేజ్ త్రీ" అన్నారు. ఫేజ్ త్రీ అన్నమాట మా కాగితాల్లో ఎక్కడా లేదు. నీకు రాద్దామని కూర్చుంటే చెయ్యి కదల్లేదు. సిమెంటు పూయొద్దని రాయమంటే మాత్రం చక్కగా కదిలింది చూడు. ఈ ప్రాజెక్టు పోతే నా డిగ్రీ ఆగిపోతుంది. ముందు అది చూసుకున్నాను, మీ సంగతి తర్వాత చూద్దామనుకున్నాను. రుమాలు సారుని చూస్తే ఎంత రోత పుడుతుందో, అద్దంలో నన్ను చూసుకున్నా అంతే పుడుతోంది.

ఎంత తిడతావో తిట్టు. జవాబు మాత్రం మానకు.

నీ కోడలు


ఇంటి నుంచి

నీకు,

పొడుగక్కకి మంట, జ్వరం అని రాశాను గుర్తుందా? దానికేమీ లేదు, గుండ్రాయిలా ఉంది. అది నాకు. మీ నాన్న వింటే పని మానెయ్యమని ప్రాణం తీస్తాడని, నువ్వు కంగారు పడతావని, దాని మీద పెట్టి రాశాను. ఇప్పుడు మళ్ళీ తిరగబెట్టింది. ఇలాగే బిగబట్టుకుంటూ పోతే మూత్రపిండాలకి ఎక్కుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పనికి పోకుండా మంచం మీద పడి రాస్తున్నాను.

అందరూ సిమెంటు పూద్దామంటే "నా కోడలు వద్దంది, అదే కట్టిస్తోంది, దానికి తెలీదా" అని నోళ్ళు మూయించాను. ఎంత గొప్పగా చెప్పానో. ఇప్పుడు వాళ్ళకి మొహం ఎలా చూపించను? చెత్తలో పెట్టిన చెయ్యి కడుక్కుంటే పోతుంది. ఇది ఎక్కడ కడుక్కోవాలో నాకు తెలియడం లేదు.

మీ నాన్నతో ఏమీ అనను. నువ్వింక నాకు రాయకు.


కాలేజీ గేటు బయట,
లారీ పక్కన నిలబడి

అత్తా,

రాయొద్దన్నావు. చదవకపోయినా పరవాలేదు, కవరు మాత్రం విప్పు. లోపల తాళంచెవి ఉంది. తాళంతో పాటు వచ్చిన రెండోది ప్రెస్సు గదిలో బోల్టుల డబ్బాలో పడేశారు. నేను తీశాను.

వచ్చే వారం ఈ లారీ తురుము కోసం రాదు, గది కోసం వస్తుంది. సారు, మా వాళ్ళు పానాలతో వస్తారు. ఆ మర్నాడే ప్రదర్శన, ఆ రోజు దాటితే వాళ్ళకింక వ్యవధి లేదు. నన్ను అక్కడ స్టాలు దగ్గర ఉండమన్నారు కాబట్టి నేను రాలేను.

వీళ్ళ సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్ళు వచ్చి వెళ్తున్నారా, మీ షెడ్డు గోడకి ఒక్కడు ఆనుకోలేదు. మీరిచ్చిన టీ ఒక్కడు తాగలేదు, లారీ వెనక పారబోశారు. తాళం తీసి వాడండి. అందరూ వాడండి. నువ్వు మందులేసుకుని, కడుపు నిండా నీళ్ళు తాగి మరీ వాడు. వాడిన మరుగుదొడ్డిని ముట్టుకునేవాడు మా జట్టులో లేడు.

అక్కడి వాళ్ళకి నీ మొహం చూపించలేకపోతే ఈ ఉత్తరం చూపించు. తప్పు నాదని అందరికీ తెలియాలి.

నీ కోడలు


షెడ్డు నుంచి,
నడుం వాల్చి రాస్తున్నాను

ఏమే దొంగమొహమా,

కోపం ఇంకా పోలేదు. కానీ జరిగింది నీకు చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది, అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం పొడుగక్క పెద్దగా చదివింది, షెడ్డంతా విన్నారు. తర్వాత పొడుగక్కే "ఎవరికి వస్తోంది?" అని అడిగింది. అందరికీ వస్తోంది. తాళం తీశాం. అప్పట్నుంచీ వాడుతూనే ఉన్నాం. మేస్త్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, ఆయన పెళ్ళాం కూడా మాతోనే కదా పనిచేసేది.

లారీ వచ్చింది. రుమాలు సారు, కళ్ళజోడు అబ్బాయి, ఇంకో ముగ్గురు నలుగురు. కళ్ళజోడు అబ్బాయి పానా పట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. లోపలినుంచి దగ్గు. అబ్బాయి గతుక్కుమన్నాడు. "లోపల మనిషున్నారు బాబూ" అన్నాను.

"తాళం వేశాం కదా, ఏమైంది?" అని సారు అరిచాడు. "ఎక్కడికీ పోలేదు సార్, భద్రంగా ఉంది" అని పొడుగక్క తాళం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పట్టుకోలేదు, కింద పడింది.

సరే, బయటికి రానీ అని నిలబడ్డారు. తలుపు తెరుచుకుని ఒకతె బయటికి రావడం, ఇంకొకతె లోపలికి దూరి గడియ పెట్టడం, అంతా ఒక్క రెప్పపాటు. ఆవిడ తర్వాత ఇంకొకతె. తలుపు తెరుచుకున్నప్పుడల్లా గాలి వాళ్ళ వైపు వీస్తోంది. నీకు చెప్పడానికి సిగ్గేముంది, మేం కావాలనే నీళ్ళు తక్కువ పోశాం. "వాడేశారా దీన్ని?" అన్నాడు కళ్ళజోడు అబ్బాయి, ఎవరో వాడి పళ్ళెంలో ఉమ్మినట్టు. "మరి దేనికి కట్టావు నాయనా?" అన్నాను. వాడు పానా నేల మీద పెట్టి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఇంకా ముట్టుకోనే లేదు, అప్పుడే తుడుచుకున్నాడు.

సారు ఊరుకోడే. పై రేకు బోల్టులన్నా విప్పండని ఒకణ్ణి నిచ్చెనెక్కించాడు. వాడు రేకు మీద చెయ్యి వేశాడో లేదో, లోపలున్న పొడుగక్క "అమ్మో, పైనుంచి చూస్తున్నాడు!" అని ఒక్క కేక పెట్టింది. వీధంతా పోగైంది. టైర్ల కొట్టు మగాళ్ళు కూడా వచ్చి "ఆడవాళ్ళుండగా ఏంట్రా ఆ పని" అని వాణ్ణి నిలదీశారు. వాళ్ళ నోట ఆ మాట విని నాకు నవ్వాలో ఉమ్మాలో తెలీలేదు. ఆ పిల్లాడు ఏడుపు మొహంతో దిగి లారీ నీడలో కూర్చున్నాడు.

ఎండ నెత్తికొచ్చేసరికి లోపల నా వంతు. సారు తలుపు దగ్గరికొచ్చి "అమ్మా, మీరు పెద్దవారు, అర్థం చేసుకోండి, దీనికి ఎంత పేరొస్తుందో తెలుసా" అని మొదలుపెట్టాడు. "కొంచెం గట్టిగా చెప్పండి సార్, ఇక్కడ నీళ్ళ చప్పుడు" అన్నాను. బయట అందరూ ఘొల్లుమన్నారు. నేను మాత్రం నవ్వలేదే పిల్లా. ఆ గదిలో గడియ పెట్టుకుని, దుప్పటి పట్టే మనిషి లేకుండా, ఎవరొస్తారోనన్న గుబులు లేకుండా కూర్చున్నాను. మంట ఉంది. అయినా ఆరాంగా కూర్చున్నాను. ఆయన ఏం మాట్లాడుతున్నాడో కూడా వినలేదు. కాసేపు ఏడ్చాను.

చివరికి డ్రైవరు తమ్ముడు "లోపల ఆడవాళ్ళుండగా గోడ విప్పితే జనం నా బండి అద్దాలు పగలగొడతారు, నే పోతున్నా" అని ఖాళీ లారీ తిప్పుకున్నాడు. వాళ్ళూ ఎక్కబోయారు. వాళ్ళలో ఒక ఆడపిల్ల ఉంది, పొద్దున్నుంచీ ఆ ఎండలో నిలబడి. అది మెల్లిగా నా దగ్గరికొచ్చి, "ఆంటీ, నేనూ వెళ్ళొచ్చా?" అంది. పాపం, మొహం పాలిపోయి ఉంది. "వరసలో నిలబడమ్మా" అన్నాను. నిలబడింది. దాని కోసం లారీ ఆగింది, సారు కూడా ఆగాడు.

మీ అత్త


హాస్టల్ నుంచి,
సామాను సర్దుకుంటూ

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి అన్నిసార్లూ నవ్వి, నువ్వు ఏడ్చానన్న చోట మాత్రం అన్నిసార్లూ ఆగిపోయాను.

ప్రదర్శన సంగతి విను. ఆ పెద్ద హాల్లో మా స్టాలంటే నేల మీద సుద్దతో గీసిన నలుచదరం, ఒక బోర్డు, పక్కన నేను. సారు ఫోను చేసి, రవాణా ఆలస్యమైందని చెప్పమన్నారు. నేను ముందు బోర్డు మీద "నూరు శాతం వ్యర్థాల నుంచి" అన్న చోట స్కెచ్ పెన్నుతో "ముందు గోడ తప్ప" అని రాశాను. న్యాయనిర్ణేతలు వచ్చారు. ఖాళీ నేల చూసి, "మీరు కట్టింది ఎక్కడమ్మా?" అన్నారు.

"కట్టిన చోటే ఉందండీ. లోపల మనిషున్నారు, అందుకని తీసుకురాలేదు" అన్నాను.

ఒకాయన నవ్వాడు. ఒకాయన వెటకారం చేస్తున్నాననుకుని మొహం గంటు పెట్టుకున్నాడు. ఒకావిడ మాత్రం పేపరు తీసి, రోజుకి ఎంతమంది వాడుతున్నారని అడిగింది. అందరూ అన్నాను. బహుమతి పక్క స్టాలుకి ఇచ్చారు. వాళ్ళు ప్లాస్టిక్ చెంచాలతో చెట్టు చేశారు. దగ్గరికెళ్ళి చూశాను, చెంచాలన్నీ కొత్తవే అత్తా. ఆ చెట్టు పక్కన నిలబడి అందరూ ఫొటోలు దిగుతుంటే నాకు ఆ పగిలిన దిమ్మ వాసన మళ్ళీ ముక్కుకి కొట్టింది.

సారు నన్ను ప్రాజెక్టులోంచి తీసేశారు. వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి మళ్ళీ మొదలుపెట్టాలి. నాన్నకి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు, నువ్వు చెబితే తిట్టడు. ఇలా పని చెబుతున్నానని మళ్ళీ కోపం తెచ్చుకోకు. సెలవులకి మీ ఇంటికి వద్దామనుంది. రానిస్తావా? నా తప్పు క్షమించావా లేదా, అది రాయి చాలు.

నీ కోడలు


నీలం గోడ ముందు నుంచి,
నా వంతు కోసం చూస్తూ

కోడలు పిల్లకి,

మీ నాన్నకి చెప్పాను. ముందు అరిచాడు, తర్వాత "అది నిజంగా అలా అందా వాళ్ళతో?" అని అడిగి, నా నోటితో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు. నువ్వొచ్చాక నీ ముందు మాత్రం మూతి ముడుచుకునే ఉంటాడు, పట్టించుకోకు.

దిమ్మల మధ్య సిమెంటు పూసేశాం. రేకుకి మేకులు కొట్టాం. ఇంక దాన్ని విప్పాలంటే పగలగొట్టాల్సిందే. నేను నీళ్ళు తాగుతున్నాను. మంట తగ్గింది, డాక్టరమ్మ ఇంకో వారం మందులు వాడమంది.

అంతా బాగైపోయిందనుకునేవు. గది కంపు కొడుతోంది. ఎందుకు కొట్టదు? వీధిలో ఆడవాళ్ళంతా వస్తున్నారు, టైర్ల కొట్టు వాళ్ళ పెళ్ళాలు కూడా. ఎవరో ఒకతె నీళ్ళు పొయ్యకుండా పోతుంది, ఇంకొకతె ఏ గుడ్డో లోపలికి తోసి గొట్టం అడ్డుపడేలా చేస్తుంది. రోజూ గొడవే. పొద్దున్నే తలుపు తీస్తే ఒక్కోసారి మనిషి పుట్టుక మీదే అసహ్యం పుడుతుంది. ఇరవై బస్తాల చెత్త చూసినా రానంత డోకు వస్తుంది. ముక్కు చచ్చిపోయిందని రాశాను కదా, లేచి కూర్చుంది.

అందుకని కడగడానికి వంతులు పెట్టుకున్నాం, మనిషికి ఒక వారం. మేస్త్రి పెళ్ళానికీ తప్పలేదు.

క్షమించానా అని అడిగావు. అలాంటి పెద్ద మాటలు నాకు చేతకావు. వంతుల్లో నీ పేరు వేశాను. సెలవులు మొదలయ్యే వారం నీది. మూలలు సరిగ్గా కడగకపోతే మళ్ళీ కడిగిస్తాను.

మీ అత్త